పిట్టల ప్లేటు

మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వరండాలో ఉంటుంది, గ్రామఫోన్ ప్లేట్లు బీరువాలో ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను ఏడ్చాను, తర్వాత పోట్లాడాను, ఆ తర్వాత నా చీరలు ట్రంకుపెట్టెలో సర్దుకుని బీరువాలో చివరి అర కూడా ఆయనకే వదిలేశాను. పిల్లలు లేని ఇంట్లో మగవాడికి ఏదో ఒక పిచ్చి ఉండనే ఉంటుంది. మా ఆయన ఆంజనేయులుకు తాగుడు లేదు, పేకాట లేదు. ప్లేట్లు ఉన్నాయి.

సినిమా పాటల ప్లేట్లయితే నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఎర్రగొండపాలెంలో ఆయనకు మైక్ సెట్టు ఉన్న రోజుల్లో, ఎక్కడో రైల్వే క్లబ్బు మూతపడి సామాను వేలం వేస్తుంటే యాంప్లిఫయర్ కోసం పోయి, దాంతోపాటు ఒక పెట్టెడు దొరల ప్లేట్లు తెచ్చాడు. అన్నీ మాటల్లేని పాటలు. ఒక అట్ట మీద రాకెట్టు. ఇంకో అట్ట మీద చందమామ మీద సోఫా వేసుకుని కూర్చున్న ఎర్రగౌను దొరసాని. పెళ్ళిళ్ళలో హారన్లు కట్టి సౌండు సరిచూసేటప్పుడు ఈయన అవే పెట్టేవాడు. పెళ్ళివాళ్ళు పరిగెత్తుకొచ్చి, "ఏందయ్యా ఈ దయ్యాల పాటలు, ఆపు" అని అరిచేవాళ్ళు. డీజే బాక్సులు వచ్చి మైక్ సెట్టును మూలన కూర్చోబెట్టాక మా ఆయన సేద్యంలోకి దిగాడు గానీ ఆ పాటల్లోంచి మాత్రం బయటికి రాలేదు. మద్రాసు పాత సామాన్ల బజారుకు పోతాడు. హైదరాబాదులో ఆదివారం సంతకు పోతాడు. ఇలాంటి మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకరే ఉన్నారు, గిద్దలూరులో రిటైరైన రైల్వే గార్డు పాల్ రాజు గారు. ఇద్దరూ ఫోన్లో మొదలుపెడితే పొయ్యి మీద ఎసరు ఇగిరిపోవాల్సిందే.

"ఇంతకీ అవేం పాటలయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మనిషి చందమామ మీదికి పోతాడని అప్పట్లో అందరూ అనుకుంటాన్నారు లచ్చిమీ. ఆడ ఎట్లాంటి పాటలుంటాయో ఊహించుకొని చేసినారు."

"మరి పోయినారుగా?"

"పోయినారు. ఆడ పాటల్లేవు. గాలే లేదు."

అలా చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే, అక్కడికి తానే పోయి ఉత్తచేతులతో తిరిగొచ్చినట్టు ఉంటుంది. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

పోయిన సంవత్సరం తొలకరిలో పాల్ రాజు గారు ఒక ప్లేటు పంపారు. బస్సు డ్రైవరు దాన్ని ఇంజను పక్కన పెట్టాడట. మా ఇంటికి చేరేసరికి నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగి ఉంది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మంచం కింద నుంచి రెండు పలకరాళ్ళు లాగాడు. మార్కాపురం క్వారీలో అడిగి, అద్దంలా నునుపు తీయించి తెచ్చుకున్నవి. వంగిన ప్లేటును ఆ రెండింటి మధ్య పెట్టి, మిద్దె మీద ఎండలో ఉంచుతాడు. రాయి వేడెక్కితే ప్లేటు మెత్తబడి పైరాయి బరువుకు చదునవుతుంది. అయితే పైరాయి వెచ్చగా తగలగానే నీడకు తెచ్చేయాలి, కాలేదాకా ఉంచకూడదు. చల్లారేదాకా ముట్టకూడదు. ఇలా కొన్నాళ్ళు. పసిబిడ్డకు నలుగుపెట్టేవాళ్ళు కూడా అంత ఓపిగ్గా చేయరు.

ఆ ప్లేటు మొదటిసారి పెట్టిన పొద్దు మా తోడికోడలు సుబ్బులమ్మ మా ఇంట్లోనే ఉంది. ఆమె మా మరిది ఏడుకొండలు భార్య. అన్నదమ్ముల చేలు పక్కపక్కనే, నల్లమల అంచున. మా ఇల్లు ఊళ్ళో, వాళ్ళ కాపురం చేలోనే, బోరు పక్కన రేకుల షెడ్డులో. కూతురు ప్రసన్న మార్కాపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మా ఆయన ముల్లు పెట్టాడు. మొదట మెల్లగా డప్పు లాంటి చప్పుడు, గాజుగిన్నెల మీద తట్టినట్టు ఒక వాయిద్యం, ఆ వెనక పిట్టలు. ఒకటి కిచకిచమంటే ఇంకొకటి దూరం నుంచి బదులు పలుకుతోంది. సుబ్బులమ్మ కిటికీ వైపు చూసింది.

"బయట గాదు, ప్లేట్లోనే" అన్నాడు మా ఆయన. "అవి పిట్టలు గూడా గాదు సుబ్బులూ. వాయించేవాళ్ళే నోటితో అట్ల అరుస్తారు."

"మనుషులా బావా?"

"మనుషులే. యాడా లేని దీవి, యాడా లేని అడవి మీద కట్టిన పాట. పిట్టలు కావాలంటే వాళ్ళే అరుచుకోవాల గదా."

సుబ్బులమ్మ చేటలోని కందిపప్పు పక్కన పెట్టి, చివరిదాకా కూర్చుని వింది. చివర్లో పాటంతా సద్దుమణిగాక ఒక పెద్ద పిట్ట మూడుసార్లు అరుస్తుంది. ఆ తర్వాత ఒక్క డప్పు దెబ్బ. అంతే. "మళ్ళీ ఒకసారి పెట్టు బావా" అంది. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. ఆయన సంబరం చెప్పనలవి కాదు.

అప్పుడే ఏడుకొండలు వచ్చాడు. "ఏందన్నా, వదిన తిట్టేది చాలదని నా పెండ్లానికి గూడా ఎక్కిస్తాన్నావా ఈ పిచ్చి?" అని గడపలోనే నిలబడి నవ్వాడు. చిన్నప్పుడు హారన్లు కట్టడానికి వేపచెట్లూ కరెంటు స్తంభాలూ ఎక్కింది అతనే. కానీ కింద ఏ పాట మోగుతోందో ఏనాడూ పట్టించుకోలేదు. "మోగుతాందా లేదా అంతే నాకు" అనేవాడు.

వినాయక చవితి దాటేసరికి మొక్కజొన్న కంకులు పాలు పోసుకున్నాయి, అడవి పందులు దిగాయి. ఒక్కసారి మంద చేలో పడిందంటే తిన్నదానికన్నా తొక్కి పడేసింది ఎక్కువ. వాటిని చంపితే కేసు. ఊళ్ళో అందరూ సంతలో అమ్మే చిన్న డబ్బాలు తెచ్చి పెట్టారు. అందులోంచి కుక్కలు మొరుగుతాయి, ఎవడో "హోయ్ హోయ్" అంటాడు. పందులు రెండు రోజులు భయపడ్డాయి. తర్వాత ఆ కుక్కల అరుపుల్లోనే నిమ్మళంగా మేశాయి.

మా ఆయన మూలనున్న మైక్ సెట్టు దులిపాడు. మంచె మీద హారన్ కట్టి, బ్యాటరీ, యాంప్లిఫయర్, ప్లేయరు అన్నీ పైకెక్కించాడు. "పందులకు ఒకే కూత అలవాటైపోతాంది. నా దగ్గర దేనికదే వేరు. ఇన్ని ప్లేట్లకు అవేం అలవాటు పడతాయి?" అన్నాడు.

"ఫోన్లో ఎక్కించుకొని పోరాదూ? ఆ చుట్టూ తిరిగేవన్నీ మోసుకుపోవాలా?" అన్నాను.

"ఫోనయితే పెట్టేసి నిద్రపోతా. ప్లేటయితే లేసి మార్చాల. మెలకువగా ఉంటా."

రాకెట్టు ప్లేటు మోగిన మొదటి సాయంత్రం మా చేలో ఒక్క కంకి విరగలేదు. అందులో ఒక వాయిద్యం ఉంది, నోరు మూసుకుని ఆడమనిషి ఏడ్చినట్టు వినబడుతుంది. అది విని పందులే కాదు, పక్క ఊరి పాలవాడు కూడా దారి మార్చుకున్నాడట. ఊళ్ళో ఒకటే నవ్వులు. "ఆంజనేయులు పందులకు కచేరీ పెట్టినాడు" అన్నారు. అనుకోనీ. ఇన్నేళ్ళకు ఆ ప్లేట్లు అన్నం పెట్టే పని ఒకటి చేస్తున్నాయని నాకు గొప్పగానే ఉండేది. మా ఆయన పొద్దున్నే ఇంటికొచ్చి, ఏ ప్లేటుకు ఏ మంద ఎటు పరిగెత్తిందో పాల్ రాజు గారికి ఫోన్లో వర్ణించి చెప్పేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

మా చేను దాటిన పందులు మా మరిది చేలోకి పోయాయి. ఏడుకొండలు మాతో ఒక్క మాట అనలేదు. చేను చుట్టూ గూటాలు పాతి, మోకాలెత్తున ఇనప తీగ లాగి, షెడ్డును మాత్రం తీగకు బయట వదిలి, అందులోంచి కరెంటిచ్చాడు. ఆ సంగతి నాకు సుబ్బులమ్మ చెప్పింది. మా ఆయన అన్నం ముందు నుంచి లేచి పోయాడు. నేనూ వెనకే పోయాను.

"తీగె తీసెయ్ రా కొండలూ. ఎవరన్నా పోతారు. రెండో హారన్ నీ చేను దిక్కు తిప్పి కడతా."

"కట్టు. వద్దన్నానా?"

"మరి తీగె?"

"పాట పాటే, తీగె తీగే. పోయిన పంట గూడా వాటి నోట్లోకే పాయె. ఈ పంట గూడా పోతే ప్రసన్న చదువు ఆపాల. పాటల మీద బతకమంటావా నన్ను?"

మా ఆయన ఆ తర్వాత చాలాసేపు బతిమాలాడు. నేను తిట్టాను కూడా. ఏడుకొండలు వినే రకం కాదు. చివరికి అన్నదమ్ములిద్దరూ గట్టు మీద కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. మా మంచె నుంచి ఊళ్ళోకి రావాలంటే అతని గట్టు దాటాలి, అతను కాపలా పడుకునే మంచె చేను నడిమధ్య ఉంది. ఇద్దరిలో ఎవరు దిగాలన్నా ముందు తీగలో కరెంటు ఆగాలి. స్విచ్చేమో షెడ్డులో, సుబ్బులమ్మ దగ్గర. ఆ పల్లంలో ఫోను సిగ్నల్ రాదు. కేకేస్తే గాలిని బట్టి వినబడుతుంది, లేదంటే లేదు. హారన్ మాత్రం ఎలాంటి గాలిలోనైనా అందరికీ వినబడుతుంది. కాబట్టి తెల్లవారుతుండగా మా ఆయన చివరి ప్లేటు పిట్టలదే పెడతాడు. అది అయిపోగానే సుబ్బులమ్మ స్విచ్ ఆపుతుంది. పాట ఆగాక ఏడుకొండలు ఒక బీడీ తాగి మంచె దిగుతాడు.

ఆ పద్ధతి చక్కగానే సాగింది. పొద్దున్నే వాళ్ళ బర్రె దగ్గర పాలు తెచ్చుకోవడానికి నేను షెడ్డుకు పోయేసరికి, సుబ్బులమ్మ గోడకున్న స్విచ్ మీద ఒక చేయి పెట్టి, కళ్ళు మూసుకుని వింటూ ఉండేది. ఏ పిట్ట తర్వాత ఏ పిట్ట వస్తుందో ముందే నోటితో అనేది. పెద్ద పిట్ట మూడో అరుపు, డప్పు దెబ్బ, టక్కున స్విచ్. అలవాటు కొద్దీ "ఆపినా" అని కూడా కేకేసేది, వినబడినా వినబడకపోయినా. కాసేపటికి గట్టు మీద అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. అన్న తమ్ముడికి ఆ పాట గురించి చెబుతూనే ఉండేవాడు. తమ్ముడు ఆవలిస్తూ ఊకొడుతూనే ఉండేవాడు.

"ఆ పాట నీకు రాను రాను పిచ్చి పట్టిస్తాందే" అన్నాన్నేను ఒకరోజు సుబ్బులమ్మతో.

"పిచ్చి గాదక్కా. పొద్దున్నే ఈ కాసింతసేపే నాకెవరూ పని చెప్పరు" అంది.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. తెల్లవారుతున్నా వెలుగు సరిగా రాలేదు. నేను చెంబు పట్టుకుని షెడ్డులోకి పోయాను. పిట్టల పాట మొదలై సగం దాటింది. సుబ్బులమ్మ చేయి స్విచ్ మీద ఉంది. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది.

"ఆగింది గదే, ఆపు" అన్నాను.

"ఇంగా అయిపోలేదక్కా. పెద్దపిట్ట అరవనే లేదు."

"అవునా?"

"అది మూడుసార్లు అరవాల. బావ ముల్లు మారుస్తాన్నట్టుండాది. ఇప్పుడొస్తది చూడు."

నేను చెంబు కింద పెట్టాను. ఆమెకున్నంత జ్ఞాపకం నాకు లేదు కదా, నిజమే అనుకున్నాను. రేకుల మీద చినుకులు పడుతున్నాయి. బర్రె తల విదిలిస్తే మెడలో గంట మోగింది. ఇద్దరం పాట కోసం చూస్తూ నిలబడ్డాం. ఆమె వచ్చే పిట్ట కూతను ముందుగానే పెదవులతో అనుకుంటోంది.

షెడ్డులో బల్బు ఒకసారి మిణుకుమని మళ్ళీ వెలిగింది.

"ముసురుకు కరెంటు గూడా సరిగా లేదు" అంది సుబ్బులమ్మ.

ఆ తర్వాత మా ఆయన కేక వినబడింది. గాలి మా వైపే ఉంది. మాట తెలియలేదు, తమ్ముడి పేరొక్కటే తెలిసింది.

బ్యాటరీ క్లిప్పు ఊడిందట. అంతకన్నా ఏమీ కాదు. మా ఆయన మంచె మీద చీకట్లో తడుముతూ ఆ క్లిప్పు కోసం వెతుకుతున్నాడు. సుబ్బులమ్మకు పాట తెలుసు కాబట్టి ఆమె ఆగింది. ఏడుకొండలు పాట ఎప్పుడూ వినలేదు కాబట్టి, మోత ఆగింది చాలని బీడీ తాగి దిగాడు.

పోలీసులు వచ్చారు, కరెంటు వాళ్ళు వచ్చారు, తీగ చుట్ట చుట్టి తీసుకుపోయారు. ఇంటికి వచ్చినవాళ్ళలో కొందరు మా ఆయన ముఖం మీదే అన్నారు, ఆ దయ్యాల పాటలే ఇంటి మీదికి తెచ్చాయని. బదులు నేను చెప్పాను, గట్టిగానే చెప్పాను. కానీ నేను అరిచినందువల్ల ఆయనకు ఒరిగింది ఏమీ లేదు. అన్నం కలిపి ముద్ద చేసి, ఆ ముద్ద అలాగే కంచంలో పెట్టి లేచేవాడు. ఒకరోజు, నేను అడగకుండానే అన్నాడు:

"దినామూ గట్టు మీద నడుస్తా చెప్పినా లచ్చిమీ, పాటలో ఏం వస్తదో. ఊ, ఊ అన్నాడు. విన్నాడనుకున్నా."

ఆయన తల నా కడుపుకు ఆనించుకుని నేనూ ఏడ్చాను.

పెద్దదినం అయ్యాక ఆయన పాల్ రాజు గారికి ఫోన్ చేసి, ఆదివారం జీపు తీసుకొచ్చి ప్లేట్లన్నీ పట్టుకుపొమ్మన్నాడు. "బీరువా ఖాళీ అయితే నీ చీరలు పెట్టుకో" అన్నాడు నాతో. ఇన్నేళ్ళుగా నేను పోట్లాడింది దానికోసమే. ప్లేట్లు పోతే పోనీ. కానీ అవి పోయాక ఈ మనిషిలో నాకు మిగిలేది ఏముంటుంది?

మైక్ సెట్టు ఇంకా మంచె మీదే ఉంది. ఎవరికీ దాని ధ్యాస లేదు. నేనే పోయాను. మొక్కజొన్న మొత్తం, మాదీ వాళ్ళదీ, పందులు నేలమట్టం చేశాయి. మంచె పైన ప్లేయరు మీద ప్లేటు ముల్లు ఆగినచోటే ఉంది. వానకు తడిసి, ఎండకు కాగి మళ్ళీ అప్పడమైంది. ముల్లు తీసే ముందు, అది ఆగిన గీత దగ్గర నా బొట్టుపెట్టెలోని చాదుతో చిన్న చుక్క పెట్టి గుర్తు చేయాలనుకున్నాను. తీరా చూస్తే అవసరం లేకపోయింది. వాననీళ్ళకు ముల్లు అక్కడే తుప్పు మరక చేసింది.

ప్లేయరుతో సహా ఇంటికి తెచ్చి, ప్లేటును మెత్తటి గుడ్డతో కడిగాను. మంచం కింది పలకరాళ్ళు లాగి, మిద్దె మీదికి ఒక్కొక్కటే మోసుకుపోయాను. రాయి వెచ్చబడగానే నీడకు తేవాలి, చల్లారేదాకా ముట్టకూడదు. ఆయన చేస్తుంటే చూసి విసుక్కున్న పని నా చేతులకు ఎలా వచ్చిందో తెలియదు. ఆయన వరండాలో కూర్చుని నేను మెట్లెక్కడం, దిగడం చూసేవాడు. ఏమిటని అడగలేదు. ఒకరోజు మాత్రం, "ఎండ ఎక్కువైంది, తీసెయ్" అన్నాడు. నేను పరిగెత్తాను.

శనివారం పొద్దున సుబ్బులమ్మ వచ్చింది. ఆ రోజు తర్వాత ఆమె షెడ్డు దాటి బయటికి రావడం అదే మొదలు. మనిషి సగమైపోయింది. వరండాలో మా ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన తలెత్తలేదు.

"ప్లేట్లన్నీ ఇచ్చేస్తాన్నావంట బావా."

"ఊ."

"ఇచ్చే ముందు పిట్టలది ఒకసారి పెట్టు."

"వద్దు సుబ్బులూ."

"ఆ పొద్దు యాడ ఆగిందో ఆడ్నుంచి పెట్టు. ఇన్ని దినాలాయె, చెయ్యి ఆ స్విచ్చి మీదనే ఉన్నట్టుండాది బావా. కన్ను మూస్తే ఆగిన పాట కోసం కాసుకోనుంటా. అది అయిపోవాల. అయిపోతేనే నేను దీన్ని తీయగలను."

నేను లోపలికి పోయి పలకరాళ్ళ మధ్య నుంచి ప్లేటు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. అంచున ఇంకా కొంచెం వంపు ఉంది. తుప్పు మరకను బొటనవేలితో నిమిరాడు. లేచి లోపలికి నడిచాడు. మేమిద్దరం వెనకే పోయాం.

ప్లేయరులో కొత్త ముల్లు వేసి, మరక దగ్గర దించాడు. ప్లేటు తిరుగుతుంటే ముల్లు వంపు దగ్గర లేస్తోంది, దిగుతోంది. ఆ వాయిద్యం కొంచెం ఊగినట్టు వినబడింది గానీ పాట తప్పలేదు. ఒక పిట్ట పలికింది. దూరం నుంచి ఇంకొకటి బదులు పలికింది. సుబ్బులమ్మ గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మా ఆయన ప్లేయరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అయిదారేళ్ళ పిల్లవాడు పంతులు ముందు నిలబడ్డట్టు.

పాట సద్దుమణిగింది. పెద్ద పిట్ట ఒకసారి అరిచింది. రెండోసారి అరిచింది. మూడోసారి.

డప్పు దెబ్బ పడింది.

సుబ్బులమ్మ కళ్ళు తెరవకుండానే గోడ మీద తడుముకుంది. అక్కడ మా ఫ్యాను స్విచ్ ఉంది. టక్కున ఆపింది. ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి నిలిచిపోయేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

అప్పుడామె కిటికీ వైపు తిరిగి, చేలు ఉన్న దిక్కుకు, గాలి ఎదురైనా వినబడేంత గట్టిగా కేకేసింది.

"ఆపినా. ఇంగ దిగయ్యా."